‘కండిషన్ సూపర్’ అంటే ఎంత? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఆన్‌లైన్ సెకండ్ హ్యాండ్ కొనుగోలుపై సమగ్ర మార్గదర్శి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం ప్రాంతాల్లో ఉండే తెలుగువారు పాత సామాను కొనాలనుకుంటే ఒకేసారి రెండు రాష్ట్రాల బజారు కళ్ళముందుకు వస్తుంది. ఓఎల్‌ఎక్స్‌లోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో దూరం పరిధిని కొంచెం పెంచితే చాలు, పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రకటనలు వరుసగా కనిపిస్తాయి. చదువు ముగించుకొని వెళ్ళిపోయే విద్యార్థుల ల్యాప్‌టాప్‌లు, బైకులు, బదిలీ అయిన ఉద్యోగుల ఫ్రిజ్‌లు, ఇన్వర్టర్లు తక్కువ ధరకు దొరికే మాట నిజమే. అయితే అమ్మేవారు రాసిన వివరణకూ వస్తువు అసలు స్థితికీ మధ్య తేడా ఉన్నప్పుడు, ఆ తేడా ఖరీదు దూరంతోపాటు పెరుగుతుంది. గుణుపురం నుంచి విశాఖపట్నం దాకా వెళ్ళి, ఒక రోజు సెలవు పోగొట్టుకున్న మనిషి, స్కూటరు ఇంజిన్‌లో వేరే శబ్దం వినిపించినా ‘ఇంత దూరం వచ్చాం కదా’ అని వెయ్యో రెండువేలో తగ్గించుకొని తీసుకొచ్చేస్తాడు. కొనుగోలుదారును గుమ్మం దాకా రప్పించడమే అతిశయోక్తి వివరణ చేసే పని. మిగిలింది దూరమే చూసుకుంటుంది. కాబట్టి పరీక్షలో ఎక్కువ భాగం బయలుదేరక ముందే ముగియాలి. ఈ మార్గదర్శి అంతా ఆ క్రమంలోనే ఉంటుంది.

మొదటి అడుగు: ప్రకటనలోని ప్రతి విశేషణాన్నీ ప్రశ్నగా మార్చుకోవడం

పచ్చి అబద్ధం రాసేవారు తక్కువ. ఎక్కువమంది కొలత లేని మాటలు రాస్తారు. ‘లైక్ న్యూ’, ‘షోరూం కండిషన్’, ‘చాలా తక్కువ వాడాం’, ‘నో ఇష్యూస్’ వంటి మాటలను రేపు ఎవరూ తప్పని నిరూపించలేరు, ఎందుకంటే అవి దేనినీ నిర్దిష్టంగా చెప్పవు. మన ప్రాంతపు వాట్సాప్ గ్రూపుల్లో తరచుగా కనిపించే తీరులో ఒక ప్రకటనను ఊహించి, దానిని మాట మాటగా చదువుదాం: ‘స్కూటీ 2019, సింగిల్ ఓనర్, ఇంజిన్ సీల్డ్, కొత్త టైర్లు, చిన్న చిన్న గీతలు, పేపర్లు క్లియర్, అర్జెంట్ సేల్.’

‘2019’ అన్నది తయారైన సంవత్సరమా, రిజిస్టరైన సంవత్సరమా అన్నది తేలాలి. ‘సింగిల్ ఓనర్’ అంటే ఆర్‌సీలో ఒకే పేరు ఉందని అర్థం కావచ్చు. కాగితాలు మార్చుకోకుండానే బండి మూడు చేతులు మారినా ఆర్‌సీలో ఒకే పేరు ఉంటుంది. అందువల్ల ‘ఆర్‌సీలో ఉన్న పేరు మీదేనా?’ అన్నదే అసలు ప్రశ్న. ‘ఇంజిన్ సీల్డ్’ అన్న మాట ఇంజిన్‌ను ఇంతవరకు విప్పలేదని మాత్రమే చెబుతుంది. ఇప్పుడు విప్పాల్సిన అవసరం ఉందో లేదో అది చెప్పదు. ‘కొత్త టైర్లు’ అన్నది మంచి మాటే గానీ, మీటరు మీద తొమ్మిదివేల కిలోమీటర్లే చూపిస్తున్న బండికి టైర్లు ఎందుకు మార్చవలసి వచ్చిందో అడగాలి. ‘చిన్న చిన్న గీతలు’ ఫొటోలో కనిపించకపోతే అవి ఫొటో తీయని వైపున ఉన్నాయని అనుకోవాలి. ‘పేపర్లు క్లియర్’ అన్న రెండు మాటల కింద ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఫైనాన్స్ బకాయి, చలాన్లు, వేరే రాష్ట్రపు బండి అయితే ఎన్‌ఓసీ (ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం) అనే ఆరు వేర్వేరు విషయాలు దాగి ఉన్నాయి.

‘రీఫర్బిష్డ్’ అన్న మాటను మరింత జాగ్రత్తగా చదవాలి. ఒక కంపెనీ దగ్గర అది పరీక్ష చేసి, పాడైన భాగాలు మార్చి, వారంటీ ఇచ్చిన వస్తువు. ఒక చిన్న షాపులో అది తుడిచి కొత్త కవరు వేసిన వస్తువు. ‘ఫెయిర్’, ‘గుడ్’, ‘సూపర్బ్’ వంటి గ్రేడ్లు చాలాచోట్ల పైపై గీతలకు సంబంధించినవే తప్ప లోపలి బ్యాటరీకి సంబంధించినవి కావు. ఆ గ్రేడుకు ఆ అమ్మకందారు ఇచ్చిన నిర్వచనం ఎక్కడ రాసి ఉందో వెతికి చదవండి. అది ఎక్కడా రాసి లేకపోతే ఆ గ్రేడుకు విలువ లేదు.

రెండవ అడుగు: ఫొటోల్లో లేనిదాన్ని చూడడం

ముందుగా ఆ ఫొటో ఆ వస్తువుదేనా అని తేల్చుకోవాలి. గూగుల్ లెన్స్‌లో పెట్టి చూస్తే కంపెనీ ప్రచార చిత్రమో, మరో ఊరి ప్రకటన నుంచి తీసుకున్నదో చాలాసార్లు బయటపడుతుంది. తరువాత, ఒక కాగితం మీద ఆ రోజు తేదీ రాసి వస్తువు పక్కన పెట్టి తీసిన ఫొటో అడగండి. వస్తువు నిజంగా చేతిలో ఉన్న మనిషికి ఇది రెండు నిమిషాల పని.

ఆ తరువాత చూడవలసింది ఫొటోలు దేనిని తప్పించుకున్నాయన్నది. ఫోన్‌కు ఆరు ఫొటోలు ఉండి, అన్నింటిలోనూ స్క్రీన్ ఆపి ఉందంటే, స్క్రీన్ వెలిగితే కనిపించేదేదో ఉండవచ్చు. అమోలెడ్ డిస్‌ప్లేల మీద నిలువుగా వచ్చే ఆకుపచ్చ గీత, కీబోర్డు నీడలా మిగిలిపోయే మరక, రెండూ స్క్రీన్ ఆపినప్పుడు కనబడవు. తెల్లటి పేజీ తెరిచి, వెలుతురు పూర్తిగా పెంచి తీసిన ఫొటో ఒకటి, బూడిదరంగు పేజీతో మరొకటి అడగాలి. ఫ్రిజ్ అయితే తలుపు రబ్బరు, వెనుక కంప్రెసర్ ఉన్న కింది భాగం, బండి అయితే సైలెన్సర్ కింది వైపు, సీటు ఎత్తితే కనిపించే ఇనుము అడగండి. బరంపురం, గోపాలపురం, ఇచ్ఛాపురం, సోంపేట వైపు సముద్రపు గాలికి తిరిగిన బండ్లు పైన మెరుస్తున్నా కింద తుప్పు పట్టి ఉంటాయి.

మూడవ అడుగు: ప్రశ్నలను రాతలో అడిగి, జవాబును రాతలో పొందడం

ఫోన్ చేసి మాట్లాడితే పని త్వరగా అవుతుంది, కానీ ఆ మాటలేవీ మిగలవు. ఈ ప్రాంతంలో అమ్మేవారు ఒడియాలోనో హిందీలోనో వాయిస్ మెసేజ్ పంపడం, మనం తెలుగు కలిపిన హిందీలో జవాబివ్వడం మామూలే. అలాంటప్పుడు మాట్లాడిన తరువాత ‘మీరు చెప్పినది ఇది, సరేనా?’ అని ఇద్దరికీ అర్థమయ్యే భాషలో రాసి పంపి, అవునని జవాబు వచ్చేలా చూసుకోవాలి. అడిగే తీరు మర్యాదగానే ఉండవచ్చు:

‘నమస్కారమండీ. మీ స్కూటరు ప్రకటన చూశాను. నాలుగు విషయాలు రాసి చెప్పగలరా? మీటరు మీద ఇప్పుడు ఎన్ని కిలోమీటర్లున్నాయి, ఒక ఫొటో పంపండి. ఆర్‌సీలో ఉన్న పేరు మీదేనా, మీరు ఎన్నో ఓనరు? ఇంతవరకు ఏయే భాగాలు మార్చారు, బిల్లులున్నాయా? మీకు తెలిసిన లోపం ఏదైనా ఉంటే ముందే చెప్పండి, దాన్నిబట్టి ధర మాట్లాడుకుందాం.’

వీటిలో చివరి ప్రశ్నకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. వాడిన వస్తువుకు ఏ లోపమూ ఉండకపోవడం అరుదు కనుక, ‘సెల్ఫ్ పొద్దున్నే కాస్త ఇబ్బంది పెడుతుంది, వెనుక బ్రేక్ షూలు మార్చాలి’ అని రాసినవారి మిగతా మాటలను కూడా కొంత నమ్మవచ్చు. ‘ఏమీ లేదు సార్, వచ్చి చూసుకోండి’ అన్న జవాబు నాలుగు ప్రశ్నలకూ వస్తే, ఆ ప్రయాణం మానుకోవడమే మేలు. రాయడం రానివారు, ఇష్టం లేనివారు కూడా ఉంటారన్న మాట నిజమే. అటువంటివారు వీడియో కాల్‌లో చూపించగలరు.

ఇక్కడ చట్టపరమైన కారణం కూడా ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, మామూలు వ్యక్తి తన పాత వస్తువును అమ్మినప్పుడు నాణ్యతకు సాధారణంగా ఎటువంటి హామీ ఉన్నట్టు భావించరు, చూసుకొని కొనుక్కోవలసిన బాధ్యత కొనేవారిదే. కానీ అదే చట్టంలోని 15వ సెక్షన్, వివరణను బట్టి అమ్మిన వస్తువు ఆ వివరణకు సరిపోవాలని చెబుతుంది. ‘సూపర్ కండిషన్’ అన్న పొగడ్త మీద ఎవరినీ నిలదీయలేము. ‘బ్యాటరీ 2024లో మార్చాను, డిస్‌ప్లే ఒరిజినల్’ అన్న రాత అలా కాదు.

నాలుగవ అడుగు: వస్తువును బట్టి బయలుదేరక ముందు చేయవలసిన పరీక్షలు

బైకులు, స్కూటర్లు, కార్ల విషయంలోనే సరిహద్దు మనకు ఎక్కువ చిక్కు తెస్తుంది. నంబరు తెలియగానే ఎంపరివాహన్ యాప్‌లోనో వాహన్ వెబ్‌సైట్‌లోనో చూస్తే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి తెలుస్తాయి. ఇ-చలాన్ వెబ్‌సైట్‌లో బకాయి జరిమానాలు కనిపిస్తాయి. ఓడీ 18 రాయగడది, ఓడీ 20 గజపతిది, ఓడీ 07 గంజాంది, ఓడీ 10 కొరాపుట్‌ది కాబట్టి ఒడిశా బండి ఎక్కడ పుట్టిందో నంబరే చెబుతుంది. ఆంధ్రలో పాత బండ్లకు ఏపీ 30 శ్రీకాకుళమనీ ఏపీ 35 విజయనగరమనీ తెలిసేది గానీ, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక నంబరును చూసి జిల్లా చెప్పడం కుదరదు. ‘లోకల్ బండి’ అన్న మాటను అందుకే ఆర్‌సీలోని చిరునామాతో సరిచూడాలి.

ఆంధ్ర నంబరు బండిని ఒడిశాకు తెచ్చుకుంటే, మొదటి ఆర్టీవో కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తీసుకోవాలి, యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 నింపాలి, ఫైనాన్స్ ఉన్న బండి అయితే అది తీరినట్టు బ్యాంకు సంతకంతో ఫారం 35 ఉండాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే వాహనానికి అక్కడి కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది, అప్పుడు ఒడిశాలో పన్ను కూడా కట్టాలి. పర్లాకిమిడిలో ఉండి పక్కనే ఉన్న పాతపట్నం నుంచి బండి కొనేవారికి ఇది పక్క వీధి బేరంలాగే కనిపిస్తుంది. కాగితాల లెక్కలో మాత్రం అది మరో రాష్ట్రమే. ఈ ఖర్చును ధరలో కలుపుకోకుండా ‘అక్కడ పదివేలు తక్కువ’ అనుకోవడం సరైన పోలిక కాదు.

కారు ఇన్సూరెన్స్ పాలసీ కాపీ అడిగి, అందులో నో క్లెయిమ్ బోనస్ శాతం చూడండి. చాలామంది పట్టించుకోని ఈ అంకె చాలా చెబుతుంది. సమగ్ర పాలసీలో క్లెయిమ్ లేకుండా గడిచిన ఒక ఏడాదికి 20 శాతం, ఆపైన 25, 35, 45, ఐదేళ్ళకు 50 శాతం వరకు ఈ బోనస్ పెరుగుతుంది. ఆరేళ్ళ కారు, ఒకే యజమాని, ‘ఒక్క యాక్సిడెంట్ కూడా లేదు’ అంటూ బోనస్ సున్నా ఉంటే, కిందటి ఏడాది క్లెయిమ్ అయినా చేసి ఉండాలి, పాలసీ కొంతకాలం ఆగి అయినా ఉండాలి, లేదా యజమాని మారి అయినా ఉండాలి. బోనస్ బండితో కాక యజమానితో పోతుంది కనుక మూడవది కూడా సాధ్యమే. మూడింటిలో ఏదైనా సరే, ప్రకటనలోని మాటకు వివరణ అడగవలసిందే. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న బండికి ఈ పరీక్ష పనికిరాదు.

టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్ర మరొక సాక్షి. ‘3221’ అని ఉంటే అది 2021లో 32వ వారంలో తయారైన టైరు. తక్కువ తిరిగిందని చెప్పే బండి టైర్లు బండికన్నా మూడేళ్ళు చిన్నవైతే మీటరును అనుమానించాలి. అరిగిన ఫుట్‌రెస్టు రబ్బరు, నునుపెక్కిన బ్రేక్ పెడలు కూడా అదే సంగతి చెబుతాయి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫానులకు గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాలు నీటమునిగిన సంగతి ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కరలేదు. అంతకు ముందరి బండి అయితే మీటరు అద్దం లోపల ఆవిరి మరకలు, సీటు కింద వైర్ల జాయింట్లలో ఎండిన బురద, స్క్రూల తలల మీద తుప్పు వెతకండి.

ఫోన్ల విషయంలో మొదట *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు వేరుగా ఉండే గుర్తింపు నంబరు) ఫొటో తెప్పించుకోవాలి. కె, వై, ఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఖాళీ, ఆ తరువాత ఆ నంబరు టైపు చేసి 14422కు ఎస్‌ఎంఎస్ పంపినా, సంచార్ సాథీ యాప్‌లో చూసినా, ఆ నంబరు ఏ కంపెనీ ఏ మోడల్‌దో, అది బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. ఐఫోన్ 12, ఆ తరువాతి మోడళ్ళలో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ అనే క్రమంలో వెళితే, బ్యాటరీనో డిస్‌ప్లేనో మార్చి ఉన్నప్పుడు అది అసలు భాగమా కాదా అన్నది కనిపిస్తుంది. నాలుగేళ్ళ ఫోన్‌కు బ్యాటరీ హెల్త్ 100 శాతం చూపిస్తే సంతోషించే ముందు ఇక్కడ చూడాలి, ఎందుకంటే అది మార్చిన బ్యాటరీ అయి ఉంటుంది. సామ్‌సంగ్ ఫోన్లలో చాలావాటికి *#0*# నొక్కితే స్క్రీన్, స్పీకర్, సెన్సర్ల పరీక్ష తెరుచుకుంటుంది.

ల్యాప్‌టాప్‌కు ‘బ్యాటరీ బ్యాకప్ బాగుంది’ అన్న మాట బదులు ఒక నివేదిక అడగవచ్చు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో టైపు చేస్తే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది 42,000, రెండవది 21,000 మిల్లీవాట్ అవర్లు ఉంటే, ఆ బ్యాటరీ సగం శక్తిని పోగొట్టుకున్నట్టే. విద్యార్థులు అమ్మే గేమింగ్ ల్యాప్‌టాప్‌లు ఎప్పుడూ చార్జర్‌కు తగిలించే ఉంటాయి కాబట్టి వారికే ఈ సంగతి తెలియకపోవచ్చు. అటువంటప్పుడు తప్పు వివరణకు దురుద్దేశం కారణం కానక్కరలేదు.

ఇన్వర్టర్ బ్యాటరీకి ‘నాలుగు గంటల బ్యాకప్’ అంటే ఎన్ని ఫ్యాన్లకు, ఎన్ని బల్బులకు అని అడగాలి. 12 వోల్టుల 150 యాంపియర్ అవర్ల బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడే కాగితం మీద 1800 వాట్ అవర్లు. ఒక్క ఫ్యాను వేసి నాలుగు గంటలు చూపిస్తే అది దాదాపు చనిపోయిన బ్యాటరీ. ఫ్రిజ్‌కు కరెంటు పొదుపును తెలిపే బీఈఈ స్టార్ లేబుల్ మీదున్న సంవత్సరం చూస్తే ‘రెండేళ్ళే వాడాం’ అన్న మాట నిజమో కాదో చాలావరకు తేలుతుంది.

ఐదవ అడుగు: ఎదురుగా చూసి, ఆ తరువాతే డబ్బు ఇవ్వడం

అడ్వాన్సు పంపకండి. ఆర్మీ ఉద్యోగినని చెప్పి కొరియర్ చార్జీ అడిగేవారు, డబ్బు వస్తుందంటూ క్యూఆర్ కోడ్ పంపేవారు చేసేది వేరే మోసం, వారి దగ్గర అసలు వస్తువే ఉండదు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికే తప్ప అందుకోవడానికి కాదు.

పగటిపూట వెళ్ళండి. బండి ఇంజిన్ చల్లగా ఉండగానే మొదటి కిక్కు మీరు కొట్టాలి కాబట్టి ‘నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి’ అని ముందే చెప్పాలి. వెళ్ళేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే ఎందుకని అడగండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్‌సీతో ఒక్కొక్క అంకె సరిచూడండి. ఫోన్ అయితే అమ్మేవారు తమ గూగుల్ ఖాతానో యాపిల్ ఖాతానో మీ ముందే తీసివేసి, రీసెట్ చేసి, మళ్ళీ తెరిచి చూపించాలి. అది జరగకపోతే ఇంటికి తెచ్చుకున్న ఫోన్ తెరుచుకోకపోవచ్చు. ప్రశ్నల జాబితా, వచ్చిన జవాబులు చేతిలో పెట్టుకొని, చెప్పినదానికీ చూసినదానికీ తేడా ఉన్నచోట ధర గురించి కాక ముందు ఆ తేడా గురించి మాట్లాడండి. తేడా ఒకటే అయితే బేరమాడవచ్చు. రెండు మూడు ఉంటే చూడని భాగాలు కూడా అలాగే ఉంటాయనుకొని తిరిగి రావడం మంచిది. దారి ఖర్చు వస్తువు ధరలో చిన్న భాగమే.

ఆరవ అడుగు: రసీదు

తెల్లకాగితం సరిపోతుంది. ఇద్దరి పేర్లు, చిరునామాలు, తేదీ, ధర, వస్తువు మోడల్, ఐఎంఈఐ లేదా చాసిస్ నంబరు, అమ్మేవారు చెప్పిన నిర్దిష్టమైన విషయాలు, ఒప్పుకున్న లోపాలు రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. డబ్బును యూపీఐలో ఇస్తే ఆనవాలు మిగులుతుంది. బండి అమ్మినవారికి కూడా ఈ కాగితం అవసరమే, ఎందుకంటే యాజమాన్యం మారేదాకా చలాన్లు, ప్రమాదాల బాధ్యత పాత పేరు మీదికే వస్తాయి. కొన్నవారు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలి.

ఏడవ అడుగు: వివరణ తప్పని తరువాత తెలిస్తే

ప్రకటన తీసివేయక ముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి, చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. షాపు నుంచి పార్సిల్‌గా వచ్చిన వస్తువైతే పెట్టె విప్పడాన్ని మధ్యలో ఆపకుండా వీడియో తీయాలి.

ఇక్కడ అమ్మినవారు ఎవరన్నది ముఖ్యం. ఇంటి సామాను ఒకసారి అమ్ముకున్న వ్యక్తి 2019 వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో వ్యాపారి కాడు, అతని మీద వస్తు విక్రయ చట్టం ప్రకారం సివిల్ కోర్టుకు వెళ్ళాలి, ఉద్దేశపూర్వకమైన మోసమైతే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద పోలీసులకు ఫిర్యాదు చేయాలి. చిన్న మొత్తాలకు రాసిన జవాబుల స్క్రీన్‌షాట్లు పెట్టి మర్యాదగా రాయడమే ఎక్కువ ఫలితమిస్తుంది. అదే పనిగా పాత సామాను అమ్మే షాపు, రీఫర్బిష్డ్ కంపెనీ అయితే సంగతి వేరు. 2020 ఇ-కామర్స్ నియమాల ప్రకారం, మార్కెట్‌ప్లేస్‌లో అమ్మే వ్యాపారి ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనకూడదు. మొదట 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే రుసుము లేదు, ఇ-జాగృతి వెబ్‌సైట్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. షాపు విశాఖపట్నంలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, మీరు నివసించే రాయగడ, గజపతి, గంజాం జిల్లా కమిషన్‌లోనే వేసే హక్కు ఈ చట్టం ఇచ్చింది. ఫిర్యాదుతో ప్రకటన స్క్రీన్‌షాట్, రాతలో వచ్చిన జవాబులు, చెల్లింపు ఆనవాలు, లోపాన్ని తెలిపే మెకానిక్ లేదా సర్వీస్ సెంటర్ కాగితం జతపరచండి. డబ్బు ఆన్‌లైన్‌లో పంపాక అమ్మేవారు మాయమైతే మాత్రం ఈ దారులన్నీ పక్కనపెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.